మానని పుండు, మారే మచ్చ: చర్మ క్యాన్సర్‌ను ముందుగా గుర్తించడం, నివారించడం

ఒక గృహిణి విషయం తీసుకుందాం. ఏడెనిమిదేళ్ళ ప్రాయంలో గంజి వార్చే గిన్నె జారి ఆమెకు మోకాలి కింద కాలింది. గాయం మానడానికి ఆరు నెలలు పట్టింది. ఆ చోట ముడతలు పడి బిగుసుకుపోయిన మచ్చ మిగిలింది. నలభై అయిదో ఏట ఆ మచ్చ మీద చిన్న పగులు కనిపించింది. చీర అంచు ఒరుసుకొని ఉంటుందని పసుపు, వేపాకు నూరి కట్టారు. పది రోజులకు కాస్త ఎండినట్లే ఎండి మళ్ళీ చెమ్మగిల్లింది. ఎవరో చెప్పిన పసరు ఒక నెల, మరెవరో ఇచ్చిన లేపనం రెండు నెలలు వాడారు. పుండు అంచులు గట్టిపడి పైకి లేచి, దుర్వాసన మొదలయ్యాక గాని పెద్ద వైద్యునికి చూపాలని తోచలేదు. అప్పటికే గజ్జలో బిళ్ళ కట్టింది.

ఇటువంటి కథలు శస్త్రవైద్యులకు కొత్త కావు. ఇక్కడ పసుపూ వేపాకూ చేసిన అపకారం ఏమీ లేదు. అపకారం చేసినది కాలయాపన. చిన్న పగులుగా ఉన్న నాడు అరగంట శస్త్రచికిత్సతో పోవలసిన వ్యాధి, నాలుగు నెలల తరువాత కాలికే ముప్పు తెచ్చింది. చర్మ క్యాన్సర్ కంటికి కనిపించే వ్యాధి. దానిని గుర్తించడానికి ముందుగా కావలసినది మన చూపు, మన శ్రద్ధ. ఈ వ్యాధి ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందువలన వస్తుంది, ఏ విధంగా నివారించుకోవచ్చు అన్న విషయాలను వివరంగా తెలుసుకుందాం.

చర్మం: ప్రాచీనుల దృష్టి, ఆధునికుల దృష్టి

పెద్దవారి శరీరాన్ని కప్పి ఉంచే చర్మం వైశాల్యం సుమారు 1.5 నుండి 2 చదరపు మీటర్లు. సుశ్రుతాచార్యుడు చర్మానికి ఏడు పొరలు చెప్పాడు. అవి అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర. వీటిలో ఆరవదైన రోహిణిని గ్రంథి, అర్బుదం వంటి వ్యాధులకు స్థానంగా పేర్కొన్నాడు. గుండ్రంగా, కదలక, స్వల్పమైన నొప్పితో, లోతైన మూలం కలిగి, నెమ్మదిగా పెరుగుతూ, చీము పట్టని కణితిని అర్బుదమని వర్ణించాడు. నేడు క్యాన్సర్ అని పిలిచే వ్యాధులన్నీ అర్బుదం కావు, అర్బుదాలన్నీ క్యాన్సర్లు కావు. అయినా ఆ పోలిక గమనింపదగినది.

ఆధునిక శాస్త్రం ప్రకారం చర్మంలో పైన బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం ఉంటాయి. బాహ్యచర్మపు అట్టడుగు వరుసలోని కణాలు నిరంతరం విభజన చెందుతూ పైకి జరిగి, చివరకు పొట్టుగా రాలిపోతాయి. వాటి మధ్య మెలనిన్ అనే రంగును తయారుచేసే వర్ణకణాలు ఉంటాయి. ఈ కణాలలో ఏవైనా అదుపు తప్పి పెరిగినప్పుడు క్యాన్సర్ పుడుతుంది. పుట్టిన కణాన్ని బట్టి దీనిలో ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, అడుగు వరుస కణాలకు సంబంధించినది. సాధారణంగా ముఖం మీద, ముక్కు పక్కన, కంటి దగ్గర ముత్యంలా మెరిసే చిన్న బొడిపెగా మొదలై మధ్యలో పుండు పడుతుంది. ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, కానీ ఉన్నచోటనే లోతుగా తొలుచుకుపోతుంది. రెండవది, పైవరుసలలోని పొలుసు కణాలకు సంబంధించినది. గరుకైన గడ్డగానో, అంచులు లేచిన పుండుగానో కనిపించి, నిర్లక్ష్యం చేస్తే లింఫు గ్రంథులకు పాకుతుంది. మూడవది, వర్ణకణాల నుండి పుట్టే మెలనోమా. మూడింటిలో ఇది అరుదైనదే గాని అత్యంత ప్రమాదకరమైనది.

ఎండ చేసే హాని

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కణకేంద్రంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బలను శరీరం ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి దెబ్బ మీద దెబ్బ పడినప్పుడు కొన్ని లోపాలు సరికాకుండా మిగిలిపోతాయి. కణవిభజనకు పగ్గం వేసే పి53 వంటి జన్యువులే చెడిపోతే ఆ కణానికి ఇక అదుపు ఉండదు. 1992లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ సూర్యకిరణాలను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. చర్మానికి గోధుమ వన్నె తెప్పించే కృత్రిమ కాంతి యంత్రాలను కూడా 2009లో అదే సంస్థ అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చింది.

ఈ హాని తెల్లని చర్మం గలవారికి ఎక్కువ. ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు నిండేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకమైన చర్మ క్యాన్సర్ సోకుతుందని అక్కడి వైద్యులు అంచనా వేస్తారు. అందువలన 1981 నుండి ఆ దేశంలో చొక్కా తొడుక్కోండి, లేపనం రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని పెద్ద ఎత్తున ప్రచారం సాగింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారికి మెలనిన్ రక్షణ కొంత ఉన్నప్పటికీ, ఆ ప్రచారం వారికి వర్తించదని అనుకోరాదు.

నల్లని చర్మానికి ఈ వ్యాధి రాదా?

చాలామందికి కలిగే సందేహం ఇది. మన చర్మంలోని మెలనిన్ సహజమైన గొడుగు వంటిది. అందుకే ఎండ వలన కలిగే చర్మ క్యాన్సర్లు మన దేశంలో పాశ్చాత్య దేశాల కంటె చాలా తక్కువ. అయితే తక్కువ అనడం వేరు, లేదు అనడం వేరు. పైగా మనవారిలో ఈ వ్యాధి ఎండ తగలని చోట్ల కూడా పుడుతుంది. మెలనోమా తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద కనిపిస్తుంది. ఎండకు దీనితో సంబంధం లేదు. ముల్లు గుచ్చుకున్న మచ్చ అనో, గోటికి దెబ్బ తగిలి రక్తం కట్టిందనో భావించి నెలల తరబడి ఊరుకుంటారు. జమైకా దేశపు ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లీకి కాలి గోటి కింద వచ్చిన మెలనోమాను మొదట బంతి ఆటలో తగిలిన దెబ్బగానే భావించారు. ఆ వ్యాధి శరీరమంతా పాకి 1981లో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 36 ఏళ్ళు.

పాత మచ్చలు, ఒరిపిడి, నిప్పు సెగ

మన దేశంలో ప్రత్యేకంగా గమనించవలసిన కారణాలు ఇవి. కాలిన గాయపు మచ్చ మీద, ఏళ్ళ తరబడి మానని పుండు మీద, ఎముక కుళ్ళి చీము కారే రంధ్రం చుట్టూ పొలుసు కణాల క్యాన్సర్ పుట్టవచ్చు. 1828లో ఇటువంటి పుండ్లను వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జొలాన్ పేరుతోనే దీనిని పిలుస్తారు. గాయానికీ క్యాన్సర్‌కూ మధ్య సగటున 30 ఏళ్ళ వ్యవధి ఉంటుంది. కనుకనే ఆ రెంటికీ గల సంబంధం రోగికి స్ఫురించదు. మధుమేహం వలన, కుష్ఠువ్యాధి వలన స్పర్శ కోల్పోయిన పాదాలలో ఏళ్ళ తరబడి మానక ఉండే పుండ్లకు కూడా ఈ ముప్పు కలదు.

కాశ్మీరులో చలికాలం నిప్పుల కుంపటిని అంగరఖా లోపల పొట్టకు, తొడలకు ఆనించి ఉంచుకుంటారు. దానిని కాంగ్రి అంటారు. ఆ సెగ ఏళ్ళ తరబడి తగలడం వలన అదే చోట చర్మ క్యాన్సర్ వస్తుంది. నడుముకు బిగుతుగా ధోవతి కట్టేవారిలో ఆ ఒరిపిడి చోట వచ్చే క్యాన్సర్‌ను 1945లో మన దేశపు వైద్యశాస్త్రవేత్త ఖానోల్కర్ వివరించారు. లంగా బొందు బిగించి కట్టే స్త్రీలలోనూ నడుము వద్ద ఇట్టి క్యాన్సర్‌ను వైద్యులు చూశారు. నడుము చుట్టూ చర్మం నల్లబడి, దళసరెక్కి, పొలుసులు రాలుతుంటే బొందు వదులు చేసి, వెడల్పైన పట్టీ వాడడం, కట్టే చోటును మారుస్తూ ఉండడం మంచిది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి పీల్చే అడ్డపొగ అలవాటు చర్మానికి కాక అంగిలికి క్యాన్సర్ తెస్తుంది. అయినా సెగ, పొగ ఒకే చోట ఏళ్ళ తరబడి తగిలితే ఏమవుతుందో అది కూడా అదే పాఠం చెబుతుంది.

విషద్రవ్యాలు

1775లో లండను వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్ళకు వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని గుర్తించాడు. వృత్తి వలన క్యాన్సర్ వస్తుందని తెలిసిన మొదటి సందర్భాలలో ఇది ఒకటి. నేటికీ తారు, బొగ్గు మసి, వాడేసిన యంత్రాల నూనె నిత్యం చర్మానికి అంటుకునే పనివారు జాగ్రత్తపడాలి. నూనె గుడ్డలు జేబులో పెట్టుకొనరాదు. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. నూనె పట్టిన దుస్తులను విడిగా ఉతకాలి.

ఆర్సెనిక్ మరొక ముఖ్యమైన విషం. పశ్చిమ బెంగాలులో గొట్టపుబావుల నీటి ద్వారా ఇది శరీరంలో చేరుతున్నదని 1983లో గుర్తించారు. ఆ నీరు ఏళ్ళ తరబడి తాగినవారి ఛాతీ మీద చినుకులు పడినట్లు మచ్చలు, అరచేతులలో, అరికాళ్ళలో గట్టి కాయలు ఏర్పడి, వాటిపై క్యాన్సర్ పుట్టింది. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఔషధంగా వాడిన ఆర్సెనిక్ కూడా ఇదే హాని చేసింది. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో వాడుకలోకి వచ్చిన ఫౌలర్ ద్రావకాన్ని జ్వరాలకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు ఎంతో కాలం ఇచ్చారు. దానిని ఏళ్ళ తరబడి సేవించినవారికి చర్మ క్యాన్సర్ వస్తున్నదని శతాబ్దం తరువాత గాని తెలియలేదు. మన రసౌషధాలలో వాడే హరితాళం, మనశ్శిల కూడా ఆర్సెనిక్ కలిగిన ఖనిజాలే. వీటితో కూడిన ఔషధాలను శాస్త్రోక్తంగా శుద్ధి చేసినవని నమ్మకం లేనిదే, అర్హుడైన వైద్యుని పర్యవేక్షణ లేనిదే వాడరాదు. పొట్లాలలో ఇచ్చే పేరులేని భస్మాలను అసలే స్వీకరించరాదు.

వంశం, రోగనిరోధక శక్తి

పుట్టుకతోనే చర్మంలో, జుట్టులో, కళ్ళలో రంగు లేనివారికి ఎండ నుండి సహజ రక్షణ ఉండదు. వారిని పసితనం నుండే ఎండకు దూరంగా పెంచాలి. అరుదైన మరొక జన్యువ్యాధిలో అతినీలలోహిత కిరణాల దెబ్బను బాగుచేసుకునే శక్తి శరీరానికి ఉండదు. రెండేళ్ళు నిండకముందే బిడ్డ ముఖం మీద పిడచకట్టినట్లు పొడి, నల్లని చుక్కలు కనిపిస్తాయి. వెలుతురు చూస్తే కళ్ళు మూసుకుంటాడు. పదేళ్ళ లోపే క్యాన్సర్లు రావచ్చు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉన్నప్పుడే ఈ వ్యాధి బిడ్డకు వస్తుంది. కాబట్టి మేనరికపు వివాహాలలో దీని అవకాశం పెరుగుతుంది. మూత్రపిండం మార్పిడి జరిగి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కూడా ఏటేటా చర్మపరీక్ష చేయించుకోవాలి.

గృహవైద్యంలో పాటించవలసిన హద్దులు

మన వంటింటి ఔషధాల మీద గౌరవం ఉన్నవారే ఈ మాటలను ముందుగా గ్రహించాలి.

బొల్లికి వాడే బావంచాలలో సోరలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మాన్ని ఎండకు అతిసున్నితంగా మారుస్తుంది. బొల్లికి ఈ గుణమే ఉపయోగపడుతుంది. కానీ తగిన మోతాదు, తగిన ఎండ కొలత తెలియక వాడితే బొబ్బలు లేస్తాయి. సోరలెన్ మందులతో పాటు కృత్రిమ కిరణాల చికిత్స ఏళ్ళ తరబడి ఎక్కువగా పొందినవారిలో చర్మ క్యాన్సర్ పెరిగినట్లు తెలిసింది. కనుక ఈ చికిత్స వైద్యుని లెక్క ప్రకారమే జరగాలి. నిమ్మరసం ముఖానికి రాసుకొని ఎండలోకి వెళ్ళడం కూడా ఇందువలననే తగదు.

పుట్టుమచ్చను, పులిపిరిని పోగొట్టడానికి సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, జీడిగింజ రసం అంటించడం, తల వెంట్రుకతో బిగించి కట్టడం మన ఇళ్ళలో ఉన్న అలవాట్లు. అది నిజంగా మెలనోమా అయితే పైభాగం మాత్రమే కాలిపోయి, వేరు లోపలే ఉండి, పై చర్మం మానినట్లు కనిపిస్తూ లోపల వ్యాధి పెరుగుతుంది. విదేశాలలో అమ్మే నల్ల లేపనాల వలన కూడా ఇదే ప్రమాదం జరిగింది.

పసుపులోని కర్కుమిన్ మీద ప్రయోగశాలలలో ఎన్నో పరిశోధనలు జరుగుతున్నాయి. అంతమాత్రాన పసుపు పూతతో చర్మ క్యాన్సర్ నయమవుతుందని చెప్పడానికి ఆధారం లేదు. కొబ్బరినూనె, నువ్వులనూనె చర్మానికి మృదుత్వం ఇస్తాయి గాని ఎండ నుండి చెప్పుకోదగిన రక్షణ ఇవ్వవు. ఎండకు కమిలిన చర్మం మీద చన్నీటి గుడ్డ, కలబంద గుజ్జు వేయడం, మజ్జిగ, సుగంధిపాల పానకం, వట్టివేళ్ళు వేసిన నీరు తాగడం హాయినిస్తాయి. అయితే ఇవి మంటను తగ్గిస్తాయే గాని జరిగిన హానిని చెరిపివేయలేవు.

నివారణ మార్గాలు

చరకాచార్యుడు దినచర్యలో గొడుగు పట్టుకోవడాన్ని, పాదరక్షలు ధరించడాన్ని ఆరోగ్య నియమాలుగా చెప్పాడు. ఆ రెండూ ఈ విషయంలో అక్షరాలా వర్తిస్తాయి.

1. ఉదయం 10 గంటల నుండి సాయంకాలం 4 గంటల వరకు ఎండలో పనిని తగ్గించుకోవాలి. మీ నీడ మీ ఎత్తు కంటె పొట్టిగా ఉన్నదంటే కిరణాల తీవ్రత ఎక్కువని గుర్తు.

2. గొడుగు, వెడల్పు అంచుల టోపీ లేక తలపాగా, చేతులు కప్పే దళసరి నేత వస్త్రం వాడాలి. పలుచని మబ్బుల గుండా కిరణాలు చాలావరకు దూసుకువస్తాయి. పొడి ఇసుక 15 శాతం వరకు కిరణాలను తిప్పికొడుతుంది.

3. తెల్లని చర్మం గలవారు, ఎండలో నిత్యం పనిచేసేవారు, పైన చెప్పిన జన్యులోపాలు గలవారు ఎండను అడ్డుకునే లేపనం వాడాలి. రక్షణ సంఖ్య 30 గలది ఎండకు కమిలేలా చేసే కిరణాలను సుమారు 97 శాతం ఆపుతుంది. పలుచగా పులిమితే అంత ఫలితం ఉండదు. రెండు గంటలకొకసారి తిరిగి రాయాలి. ఆస్ట్రేలియాలో జరిగి 1999లో వెలువడిన ఒక పరిశోధనలో, ప్రతిదినం లేపనం రాసుకున్నవారిలో పొలుసు కణాల క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి.

4. విటమిన్ డి కోసం గంటల తరబడి ఎండలో నిలబడనవసరం లేదు. చేతులకు, కాళ్ళకు కొద్దిసేపు ఎండ తగిలితే చాలు.

5. చెప్పులు లేకుండా పొలానికి, పెరటికి వెళ్ళరాదు. మధుమేహం గలవారు ప్రతిరాత్రి పాదాలు చూసుకోవాలి.

6. లోతైన కాలిన గాయాలకు మొదటి నెలలోనే సరైన చికిత్స, అవసరమైతే చర్మం అతికించే శస్త్రచికిత్స చేయించాలి. నేడు అతికిన చర్మం ముప్పై ఏళ్ళ తరువాతి క్యాన్సర్‌ను ఆపగలదు.

నెలకొకసారి స్వీయపరీక్ష

నెలకొకసారి స్నానానంతరం మంచి వెలుతురులో, అద్దం సాయంతో శరీరమంతా చూసుకోవాలి. వీపును, తల మాడును ఇంట్లోవారు చూడాలి. అరికాళ్ళు, కాలివేళ్ళ సందులు, గోళ్ళు మరువరాదు. పుట్టుమచ్చలో అయిదు విషయాలు గమనించాలి. రెండు సగాలు సమానంగా లేకపోవడం, అంచులు తునకలుగా ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కలవడం, పెన్సిలు చివరి రబ్బరు కంటె, అంటే 6 మిల్లీమీటర్ల కంటె పెద్దది కావడం, కొద్ది నెలలలో ఆకారం మారడం. వీటిలో చివరిది అన్నిటికంటె ముఖ్యం. గోటి మీద నిలువుగా పడిన నల్లని చార వెడల్పవుతూ గోటి మొదటి చర్మానికి పాకితే ఆలస్యం చేయరాదు. నాలుగు వారాలకు మించి మానని ఏ పుండునైనా, పాత మచ్చ మీద లేచిన ఏ గడ్డనైనా వైద్యునికి చూపించాలి.

కత్తి తగిలితే పాకుతుందా?

చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ శరీరమంతా పాకుతుందనే భయం మనలో పాతుకుపోయింది. ఇది సత్యదూరం. ఆ పరీక్ష లేనిదే వ్యాధి రకం తెలియదు, చికిత్స నిర్ణయం కాదు. ముక్క తీసిన తరువాత పాకినట్లు కనిపించే సందర్భాలలో నిజంగా జరిగినది, రోగి అప్పటికే ఆలస్యంగా రావడమే.

ఈ విషయంలో సుశ్రుతుని మాట ఆలోచింపదగినది. అర్బుదంలో కొంచెం మిగిలినా అది త్వరలోనే తిరిగి పుడుతుందని, ఆరకుండా మిగిలిన నిప్పులా చేటు చేస్తుందని, కనుక ఏమీ మిగలకుండా తొలగించాలని ఆయన చెప్పాడు. నేటి శస్త్రవైద్యుడు కణితిని చుట్టూ కొంత ఆరోగ్యమైన చర్మంతో సహా తీసి, అంచులలో వ్యాధి లేదని సూక్ష్మదర్శినితో నిర్ధారించుకోవడం అదే సూత్రం. తొలిదశలో తీసివేస్తే మొదటి రెండు రకాలు చాలావరకు పూర్తిగా నయమవుతాయి. పలుచగా ఉన్న మెలనోమాకు కూడా ఇదే వర్తిస్తుంది.

మొదట చెప్పిన గృహిణి విషయానికి తిరిగి వద్దాం. ఆమె ఇంట్లో పసుపు ఉండకూడదని మన అభిమతం కాదు. పసుపు కట్టిన నాడే గోడ మీద క్యాలెండరులో తేదీకి గుర్తు పెట్టి, నాలుగు వారాలు దాటగానే వైద్యుని వద్దకు వెళ్ళి ఉంటే చాలు. ఇంటి వైద్యానికి గడువు పెట్టుకోవడమే ఇంటి వైద్యాన్ని గౌరవించడం. ఈ రాత్రి పడుకునే ముందు మీ అరికాళ్ళను, మీ పెద్దవారి వీపును ఒకసారి వెలుతురులో చూడండి.